విదేశీ వైద్య విద్యలో సాంస్కృతిక సర్దుబాటు

విదేశీ వైద్య విద్యలో సాంస్కృతిక సర్దుబాటు అనగా స్వదేశమును వదలి మరొక దేశపు వైద్య కళాశాలలో చేరిన విద్యార్థి అక్కడి భాషకు, ఆహారానికి, శీతోష్ణస్థితికి, బోధనా పద్ధతికి, మనుషుల నడవడికి తన మనసును, అలవాట్లను అనుకూలపరచుకొనే ప్రక్రియ. మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనిని రెండు విధాలుగా విభజిస్తారు. ఒత్తిడిని తట్టుకొని మనసు స్థిమితంగా ఉండటం మానసిక సర్దుబాటు. కొత్త సమాజంలో రోజువారీ పనులను తడబాటు లేకుండా చేసుకోగలగటం సామాజిక సాంస్కృతిక సర్దుబాటు. ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. అంగడికి వెళ్ళి కావలసినవి కొనుక్కొని, తరగతులకు సక్రమంగా హాజరవుతున్న విద్యార్థి లోలోపల కుంగిపోతూ ఉండవచ్చు.

ఇతర విషయాలు చదివే విద్యార్థులతో పోలిస్తే వైద్య విద్యార్థికి ఈ సర్దుబాటు మరింత కష్టం. చదువు 5 నుండి 6 సంవత్సరాల పాటు సాగుతుంది. పుస్తకములో భాష తెలిస్తే సరిపోదు, రోగితో మాట్లాడవలసి ఉంటుంది. చదువు ముగిసిన తరువాత స్వదేశములో అర్హత పరీక్ష వ్రాసి, స్వదేశపు రోగులకే వైద్యం చేయవలసి ఉంటుంది. అందువలన ఇతడు పరాయి దేశానికి అలవాటు పడుతూనే, సొంత ఊరికి పరాయివాడు కాకుండా చూసుకోవలసి వస్తుంది. ఈ వ్యాసములో ముఖ్యంగా రాయలసీమ నుండి, తెలుగు రాష్ట్రాల నుండి వెళ్ళే విద్యార్థుల విషయం వివరించబడినది.

నేపథ్యం

కడప జిల్లాలోని మైదుకూరు కర్నూలు - చిత్తూరు జాతీయ రహదారి, నెల్లూరు - బళ్ళారి మార్గము కలిసే కూడలి పట్టణం. కర్నూలు - కడప కాలువ నీటి క్రింద వరి, పసుపు, ఉల్లి పండే ఈ ప్రాంతము చుట్టూ మెట్ట భూములు ఉన్నాయి. ఇటువంటి పట్టణాలలోని మధ్యతరగతి కుటుంబాలలో కొడుకునో కూతురినో వైద్యులను చేయాలనే కోరిక చాలా బలమైనది. రాయలసీమలో మొదటి వైద్య కళాశాల అయిన కర్నూలు వైద్య కళాశాల 1956లో ఏర్పడగా, కడప ప్రభుత్వ వైద్య కళాశాల 2006లోను, నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2023లోను ప్రారంభమయ్యాయి. కళాశాలలు పెరిగినా పోటీ అంతకు మించి పెరిగినది.

ఆంధ్ర ప్రదేశ్‌లో 2016 వరకు ఎంసెట్ ద్వారా, 2017 నుండి నీట్ ద్వారా వైద్య సీట్లు భర్తీ చేస్తున్నారు. 2024లో దేశవ్యాప్తంగా 23 లక్షలకు పైగా విద్యార్థులు నీట్ వ్రాయగా, అప్పటికి ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెం పైన మాత్రమే ఉన్నాయి. ప్రభుత్వ సీటు రాక, ప్రైవేటు కళాశాలలోని యాజమాన్య కోటా రుసుము కట్టలేక, చాలా కుటుంబాలు విదేశాల వైపు చూస్తున్నాయి. రష్యా, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, జార్జియా, ఫిలిప్పీన్స్, చైనా, బంగ్లాదేశ్, 2022కు ముందు ఉక్రెయిన్ ఈ విధముగా ఎంచుకోబడిన ముఖ్య దేశాలు. విదేశములో వైద్య విద్య చదవాలన్నా నీట్‌లో అర్హత సాధించి ఉండాలనే నిబంధన 2018 నుండి అమలులో ఉన్నది.

చరిత్ర

తెలుగువారిలో ఈ అనుభవానికి బాగా తెలిసిన తొలి ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరములో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన ఆయన 1922లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరి, హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు. ప్రయాణానికి మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేశారు. అక్కడ జీవనము గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రివేళ కూలి పని కూడా చేశాడు. ఇండియాలో పుట్టిన కొడుకు పసితనములోనే మరణించాడు. భార్య శేషగిరిని ఆయన మరల చూడలేదు. 1948లో న్యూయార్క్‌లో మరణించే వరకు స్వదేశానికి తిరిగి రాలేదు. శరీర ద్రవాలలో భాస్వరమును కొలిచే పద్ధతి, బోదకాలు చికిత్సకు ఉపయోగపడే మందు వంటి గొప్ప పరిశోధనలలో పాలు పంచుకున్న ఆయన జీవితం, వృత్తిలో విజయం, వ్యక్తిగతముగా ఎడబాటు పక్కపక్కనే ఉండవచ్చునని తెలుపుతుంది.

స్వాతంత్ర్యము తరువాత సోవియట్ యూనియన్ ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనాలతో భారతీయులు అక్కడికి చదువుకు వెళ్ళారు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల విద్యార్థుల కొరకు 1960లో మాస్కోలో ప్రజా మైత్రి విశ్వవిద్యాలయము స్థాపించబడినది. ఆ కాలపు విద్యార్థులు ముందుగా ఒక సంవత్సరం రష్యన్ భాష నేర్చుకొని, తరువాత పాఠాలన్నీ రష్యన్‌లోనే చదివేవారు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత అక్కడి విశ్వవిద్యాలయాలు రుసుము తీసుకొని ఆంగ్ల మాధ్యమములో బోధించటం మొదలుపెట్టాయి. దీనివలన చేరటం సులువైనది కాని, భాష నేర్చుకొనే ఆ మొదటి సంవత్సరం చాలామందికి లేకుండా పోయినది.

సిద్ధాంతాలు

కాలెర్వో ఓబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త 1960లో ప్రచురించిన వ్యాసం ద్వారా సాంస్కృతిక విఘాతము అనే భావన ప్రసిద్ధమైనది. పరిచయమైన సంకేతాలన్నీ ఒక్కసారిగా మాయమైనప్పుడు కలిగే ఆందోళనను ఆయన ఈ పేరుతో పిలిచాడు. దీనిలో ఆయన నాలుగు దశలు చెప్పాడు: అంతా కొత్తగా, అందముగా కనిపించే దశ, తరువాత సంక్షోభం, నెమ్మదిగా కోలుకోవటం, చివరికి అలవాటు పడటం.

అంతకుముందు 1955లో స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికా వెళ్ళివచ్చిన నార్వే విద్వాంసులను పరిశీలించి, 6 నెలల లోపు గాని 18 నెలలకు మించి గాని ఉన్నవారి కంటే, ఆ మధ్యకాలం ఉన్నవారే ఎక్కువ ఇబ్బంది పడినట్లు గమనించాడు. అయితే 1998లో కొలీన్ వార్డ్ బృందం న్యూజిలాండ్‌లో జపాన్ విద్యార్థులను పరిశీలించగా, అడుగుపెట్టిన తొలి రోజులలోనే ఇబ్బంది అత్యధికమని తేలినది. కావున అందరికీ ఒకే క్రమం వర్తిస్తుందని భావించరాదు.

కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ, రెండు సంస్కృతుల మధ్య నిలిచిన మనిషికి నాలుగు మార్గాలు ఉన్నాయని చెప్పాడు. సొంత సంస్కృతిని నిలుపుకొంటూ కొత్తదానితో కలవటం సమన్వయము. సొంతదానిని వదలి కొత్తదానిలో కలిసిపోవటం విలీనము. కొత్తదానికి దూరముగా తమవారితోనే ఉండిపోవటం వేర్పాటు. రెండింటికీ దూరమై రెంటికీ చెడ్డ రేవడి కావటం నాలుగవది. సాధారణముగా సమన్వయ మార్గములో ఒత్తిడి తక్కువగాను, నాలుగవ మార్గములో ఎక్కువగాను ఉంటుందని బెర్రీ అభిప్రాయం.

విదేశీ విద్యార్థుల ఒత్తిడిని కొలవడానికి దయాసింగ్ సంధు, అస్రాబాది 1994లో 36 అంశాల ప్రశ్నావళిని ప్రకటించారు. వివక్ష, ఇంటి బెంగ, ద్వేషానికి గురవుతున్నామనే భావన, భయం, మార్పు వలన కలిగే ఒత్తిడి, తనవారిని వదలి వచ్చామనే అపరాధ భావం ఇందులో ముఖ్యమైనవి.

సర్దుబాటు అవసరమైన విషయాలు

భాష

రష్యా, కిర్గిజ్‌స్తాన్ దేశాలలో పాఠాలు ఆంగ్లములో జరిగినా, రోగులు మాట్లాడేది రష్యన్ లేదా కిర్గిజ్ భాష. మూడవ సంవత్సరము నుండి ఆసుపత్రి శిక్షణ పెరిగేకొద్దీ ఈ లోటు బయటపడుతుంది. మొదటి సంవత్సరములో లాటిన్ పదజాలం కూడా నేర్చుకోవాలి. పదాలు సాధారణముగా అచ్చుతో ముగిసే తెలుగుకు అలవాటుపడిన నోటికి, హల్లులు వరుసగా పేరుకొనే రష్యన్ పదాలు పలకటం కష్టము. అయితే అనుకూలమైన పోలికలు కూడా ఉన్నాయి. తెలుగులో నువ్వు, మీరు అనే భేదం ఉన్నట్లే రష్యన్‌లో తీ, వీ అనే భేదం ఉన్నది. పెద్దలను ఏకవచనముతో పిలువరాదని తెలుగు విద్యార్థికి ఎవరూ చెప్పనవసరం లేదు. అయితే అధ్యాపకుని సార్ అని పిలిచే అలవాటుకు బదులు, అతని పేరును తండ్రి పేరుతో ఏర్పడిన రెండవ పేరుతో కలిపి పిలవటం నేర్చుకోవాలి. కిర్గిజ్‌లో పెద్దవారిని బైకె, ఎజె అని, ఫిలిప్పీన్స్‌లో కుయా, ఆతె అని పిలుస్తారు. వీటి అర్థం అన్న, అక్క అనే. ఇటువంటి వరుసల పిలుపులు తెలిసిన తరువాత ఆ సమాజం కొంత దగ్గరగా అనిపిస్తుంది.

మాట కాని సంకేతాలు కూడా అపార్థానికి దారితీస్తాయి. ఔను అనడానికి తెలుగువారు తలను పక్కలకు ఊపితే, ఎదుటివారు దానిని కాదు అని భావించవచ్చు. రష్యాలో అపరిచితులను చూసి చిరునవ్వు నవ్వే అలవాటు తక్కువ. దీనిని కోపముగా, చిన్నచూపుగా పొరబడటం కొత్త విద్యార్థులలో సాధారణం.

ఆహారం

సంగటి, జొన్న రొట్టె, చెనక్కాయల పచ్చడి, ఎర్ర కారము తిని పెరిగిన రాయలసీమ విద్యార్థికి ఉప్పు తప్ప మరే ఘాటూ అంతగా లేని గోధుమ రొట్టె, ఉడికించిన బంగాళాదుంప, బక్‌వీట్ జావ చప్పగా తోస్తాయి. శాకాహారులకు ఇబ్బంది మరింత ఎక్కువ. కిర్గిజ్‌స్తాన్‌లో గుర్రపు మాంసము, ఫిలిప్పీన్స్‌లో పంది మాంసము, ఎండుచేపలు సామాన్యమైన ఆహారం. అందువలన ప్రయాణపు సంచిలో రాగి పిండి, కారపు పొడులు, ఊరగాయలు తప్పక చోటు చేసుకుంటాయి. వసతి గృహములో నలుగురైదుగురు కలిసి వంతులవారీగా వండుకోవటం వాడుక. ఈ వంట బృందం ఖర్చు తగ్గించటమే కాక, ఎవరైనా భోజనానికి రాకపోతే వెంటనే గమనించే చిన్న కుటుంబంలా పనిచేస్తుంది. రొట్టెను గౌరవముగా చూడాలనే కిర్గిజ్ ఆచారం, అన్నమును తొక్కరాదనే తెలుగు ఆచారానికి దగ్గరగా ఉంటుంది.

శీతోష్ణస్థితి, వెలుగు

కడప జిల్లాలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రష్యాలో చలికాలము సున్నాకు దిగువన 20 డిగ్రీలకు, కొన్ని చోట్ల ఇంకా దిగువకు పడిపోతుంది. చలి కంటే వెలుగు కొరత మనసుపై ఎక్కువ ప్రభావం చూపవచ్చు. మైదుకూరులో సంవత్సరములోని అతి చిన్న పగలు కూడా 11 గంటలకు మించి ఉంటుంది. మాస్కోలో డిసెంబరు చివర పగలు సుమారు 7 గంటలు మాత్రమే. ఉత్తరాన ఉన్న అర్ఖాంగెల్స్క్‌లో 4 గంటలు కూడా ఉండదు. చీకటిలో తరగతికి వెళ్ళి చీకటిలోనే తిరిగి వచ్చే రోజులలో కొందరికి ఏటేటా వచ్చే దిగులును రుతుసంబంధ కుంగుబాటు అంటారు. నార్మన్ రోజెంతాల్ బృందం 1984లో దీనిని వర్ణించినది. అతినిద్ర, నీరసం, తీపి పదార్థాలపై కోరిక దీని లక్షణాలు. పగటిపూట బయట నడవటం, ప్రకాశవంతమైన దీపముతో చికిత్స దీనికి ఉపయోగిస్తాయి. విద్యార్థి దీనిని తన సోమరితనముగా భావించి తనను తాను నిందించుకోవటం వలన సమస్య పెరుగుతుంది.

బోధన, ఆసుపత్రి

ఇంటర్మీడియట్‌లో బహుళైచ్ఛిక ప్రశ్నలకు తర్ఫీదు పొందిన విద్యార్థికి రష్యన్ పద్ధతిలోని మౌఖిక పరీక్షలు కొత్త. మార్కులు 5 వరకే ఉంటాయి; 2 వస్తే తప్పినట్లు. తరగతి తప్పితే ఆ పాఠమును వేరొక రోజు అప్పగించాలి. దీనిని ఒత్రబోత్క అంటారు. ఆసుపత్రిలో అడుగుపెట్టేటప్పుడు చెప్పులపై నీలి తొడుగులు వేసుకోవాలి. మన ఆసుపత్రులలో రోగి మంచము చుట్టూ బంధువులు ఉండి, రోగికి బదులు వారే జవాబులు చెప్పటం పరిపాటి. అక్కడ రోగి ఎక్కువగా ఒంటరిగానే మాట్లాడుతాడు.

మానసిక ప్రభావాలు

ఇంటి బెంగ, నిద్ర పట్టకపోవటం, ఏకాగ్రత లోపించటం, చిరాకు, ఆకలి మందగించటం తొలి నెలలలో సామాన్యముగా కనిపించే లక్షణాలు. వీటిలో చాలావరకు క్రమముగా తగ్గుతాయి. రెండు వారాలకు మించి ప్రతిరోజు దిగులుగా ఉండి, ఇష్టమైన పనులపై కూడా ఆసక్తి పోయి, తరగతులు మానివేసే స్థితి వస్తే దానిని కుంగుబాటుగా అనుమానించి వైద్యుని సంప్రదించవలెను. బ్రతకాలని లేదనే మాట ఎవరి నోట వచ్చినా తేలికగా తీసుకోరాదు. వారిని ఒంటరిగా వదలక, వెంటనే సహాయం అందేటట్లు చూడవలెను.

మానసిక బాధను శరీర బాధగా చెప్పటం మన సమాజములో ఎక్కువ. మనసు బాగాలేదు అనేదానికి బదులు తలనొప్పి, కడుపులో మంట అని చెబుతారు. తాము చదువుతున్నది వైద్యమే కనుక తమకు ఇటువంటిది రాకూడదనే సిగ్గు వైద్య విద్యార్థులలో అదనముగా ఉంటుంది.

కుటుంబము, అప్పు

ఈ చదువు వెనుక తరచుగా ఒక ఇల్లో, నాలుగు ఎకరాల పొలమో తాకట్టులో ఉంటుంది. బ్యాంకులు విద్యా ఋణము ఏడున్నర లక్షల రూపాయలు దాటితే సాధారణముగా ఆస్తి హామీ అడుగుతాయి. ఇది తెలిసిన విద్యార్థి చదువులో వెనుకబడినప్పుడు ఇంటికి నిజం చెప్పటానికి జంకుతాడు. ఫోనులో తల్లి బాగుండావా, తిన్నావా అని అడిగితే బాగుండా అని ముగించటం సులువు. రెండు వైపులా ఇదే జరుగుతుంది. ఇంట్లో జబ్బులను, పంట నష్టమును తల్లిదండ్రులు కూడా దాస్తారు. ఒకరినొకరు నొప్పించరాదనే ప్రేమే ఇద్దరినీ ఒంటరులను చేస్తుంది. మార్కుల కంటే ముందు నిద్ర, తోటివారు, రోజు గడిచిన తీరు గురించి అడిగితే విద్యార్థి మాట్లాడే అవకాశం ఎక్కువ.

స్నేహ సంబంధాలు

స్టీఫెన్ బోక్నర్ అనే శాస్త్రవేత్త విదేశీ విద్యార్థుల స్నేహాలను మూడుగా విభజించాడు. స్వదేశీయులతో స్నేహం సొంత సంస్కృతిని నిలుపుతుంది. స్థానికులతో స్నేహం చదువుకు, పనులకు తోడ్పడుతుంది. ఇతర విదేశీయులతో స్నేహం కాలక్షేపానికి ఉపయోగిస్తుంది. తెలుగు విద్యార్థులలో మొదటిది బలముగా ఉంటుంది. సంక్రాంతి, ఉగాది, వినాయక చవితి వసతి గృహాలలోనే జరుపుకుంటారు. సీమ యాస, కోస్తా యాస, తెలంగాణ యాస ఒకే గదిలో కలుస్తాయి. ఒకరి యాసను మరొకరు ఎగతాళి చేయటమూ ఉంటుంది. ఈ తోడు మొదటి సంవత్సరములో ప్రాణాధారం వంటిది. ఆరు సంవత్సరాలూ దీనికే పరిమితమైతే స్థానిక భాష రాదు. భాష రాకపోతే రోగుల వద్ద నేర్చుకోవలసినది నేర్చుకోలేరు. బెర్రీ చెప్పిన వేర్పాటు మార్గము వైద్య విద్యలో నేరుగా నైపుణ్య లోపముగా మారుతుంది.

సంక్షోభాలు

2020లో కోవిడ్ వలన స్వదేశానికి వచ్చిన చైనా విద్యార్థులకు 2022 ఆగస్టు వరకు తిరిగి వెళ్ళడానికి వీసాలు లభించలేదు. వారు రెండేళ్ళకు పైగా ఇంటి నుండే అంతర్జాలములో పాఠాలు విన్నారు. రోగిని చూడకుండా సాగిన ఆ చదువుకు పరిహారముగా స్వదేశములో అదనపు శిక్షణ చేయవలసి వచ్చినది.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడి ప్రారంభమైనప్పుడు వేలమంది భారతీయ వైద్య విద్యార్థులు నేలమాళిగలలో, మెట్రో స్టేషన్లలో తలదాచుకున్నారు. మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటకకు చెందిన ఒక వైద్య విద్యార్థి మరణించాడు. ఆపరేషన్ గంగ పేరుతో ప్రభుత్వం విద్యార్థులను పొరుగు దేశాల మీదుగా తీసుకువచ్చినది. ఆంధ్ర ప్రదేశ్ ప్రవాసాంధ్రుల సంస్థ రాష్ట్ర విద్యార్థులకు సహాయపడినది. తరువాత కొందరు వేరే దేశాల విశ్వవిద్యాలయాలకు మారి, మరొకసారి కొత్త భాషకు, కొత్త ఊరికి అలవాటు పడవలసి వచ్చినది. 2024 మే నెలలో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల వసతి గృహాలపై గుంపులు దాడి చేశాయి. ఇటువంటి సంఘటనల తరువాత పెద్ద శబ్దాలకు ఉలిక్కిపడటం, పీడకలలు, బయటికి వెళ్ళడానికి భయం నెలల తరబడి ఉంటే వాటికి చికిత్స అవసరం.

తిరిగి రాక

1963లో గల్లాహార్న్ దంపతులు, స్వదేశానికి వచ్చిన తరువాత కూడా మరొక విడత ఇబ్బంది కలుగుతుందని సూచించారు. వైద్య విద్యార్థులలో ఇది స్పష్టముగా కనిపిస్తుంది. 2002 నుండి విదేశీ పట్టా పొందిన భారతీయులు అర్హత పరీక్షలో 300 ప్రశ్నలకు 150 సరిగా వ్రాయాలి. పలు విడతలలో ఉత్తీర్ణులు పావు వంతుకు మించలేదు. ఊరిలో డాక్టర్ అని పిలిపించుకుంటూనే, ఆ పేరు వ్రాసుకొనే హక్కు లేక సంవత్సరాలు శిక్షణా కేంద్రాలలో గడిపేవారున్నారు.

2021 నవంబరు నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం విదేశములో కనీసం 54 నెలల చదువు, 12 నెలల ఇంటర్న్‌షిప్, స్వదేశములో మరి 12 నెలల ఇంటర్న్‌షిప్ అవసరం. చదువు ఆంగ్ల మాధ్యమములో సాగాలి. అంతా 10 సంవత్సరాలలో ముగియాలి.

సొంత జిల్లా ఆసుపత్రిలో కూడా కొత్తగా నేర్చుకోవలసినవి ఉంటాయి. పాముకాటు, తేలుకాటు, పురుగుమందు త్రాగినవారు, డెంగీ జ్వరము వంటివి చలి దేశాల ఆసుపత్రులలో అరుదు. ఫిలిప్పీన్స్‌లో చదివినవారికి ఉష్ణమండల జ్వరాలు కొంత పరిచయమై ఉంటాయి. నొప్పిని వర్ణించే పోటు, మంట, సలుపు, తీపు, గుంజుడు వంటి మాటలకు వేరువేరు అర్థాలున్నాయి. వీటిని రష్యన్‌లోనో ఆంగ్లములోనో చదివినవారు తెలుగు రోగి నోట మరల వినటం నేర్చుకోవాలి.

తోడ్పడే అంశాలు

* ప్రయాణానికి ముందే స్థానిక భాష లిపిని, వంద వాడుక మాటలను నేర్చుకోవటం. రోగిని అడిగే ప్రశ్నలను మొదటి సంవత్సరము నుండే కంఠస్థము చేయటం.
* కన్సల్టెన్సీల మాటనే నమ్మక, చదువు కాలము, మాధ్యమము, అక్కడ వైద్యం చేయడానికి లైసెన్సు లభిస్తుందా అనే విషయాలను జాతీయ వైద్య కమిషన్ నిబంధనలతో సరిచూసుకోవటం.
* వెళ్ళిన వెంటనే భారత రాయబార కార్యాలయములో పేరు నమోదు చేసుకోవటం.
* తెలుగు మిత్రులతో పాటు కనీసం ఒకరిద్దరు స్థానికులతో స్నేహం చేయటం.
* వెలుగు, నడక, నిద్ర, వేళకు భోజనం అనే నాలుగింటిని చలికాలములో ప్రత్యేకముగా పాటించటం.
* విశ్వవిద్యాలయములోని సలహాదారులను సంప్రదించటం. సెలవులకు వచ్చినప్పుడు గాని, తిరిగి వచ్చిన తరువాత గాని 14416 టెలిమానస్ సేవను వాడుకోవటం. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ సేవ తెలుగులో కూడా లభిస్తుంది.
* మధ్యలో చదువు మానివేసి తిరిగి రావలసి వస్తే, దానిని కుటుంబం పరువు సమస్యగా కాక ఆరోగ్య సమస్యగా చూడటం. అప్పును తీర్చడానికి గడువు పెంచమని బ్యాంకును అడగవచ్చు.